‘కంబర్‌సమ్’ అనే మాటకు అర్థం, పుట్టుక

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గరి పల్లె. తిరుపతిలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఒక నమూనా పరీక్షలో అనువాదానికి ఇచ్చిన ఇంగ్లీషు వాక్యంలో, ధ్రువపత్రం తీసుకునే పాత పద్ధతిని ‘కంబర్‌సమ్’ అన్నారు. చిన్న నిఘంటువులో ‘భారమైన, బరువైన’ అని ఉండడంతో ‘పాత పద్ధతి చాలా బరువుగా ఉండేది’ అని రాశాను. దిద్దినవారు ఆ మాట కింద గీత గీసి వదిలేశారు, కారణం రాయలేదు. ఈ మాటకు అసలు అర్థం ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది? మా వైపు దారికి అడ్డంగా వేసే ‘కంప’ నుంచే ఇది ఇంగ్లీషులోకి వెళ్ళిందని నా గదిలో ఉండే అమ్మాయి అంటోంది. అది నిజమేనా? దీన్ని తెలుగులో ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ నిఘంటువు చెప్పిన అర్థం అబద్ధమేమీ కాదు గానీ, అది సగం దారిలో ఆగిపోయింది. కంబర్‌సమ్ అనిపించుకునే వస్తువుకు బరువు ఉండవచ్చు, లేకపోవచ్చు; ఉండి తీరవలసినది అడ్డుపడే గుణం. ఎత్తుకున్నవారి చేతికి పట్టు దొరకనీయక, అడుగు సాగనీయక, తన ఆకారంతోనో పరిమాణంతోనో మనిషిని ఇబ్బంది పెట్టే దాన్ని ఇంగ్లీషువారు ఈ విశేషణంతో చెబుతారు. మీ సమాధానపత్రం దిద్దినవారు ఈ ఒక్క ముక్క పక్కన రాసి ఉంటే మీకు ఉత్తరం రాసే శ్రమ తప్పేది. కారణం చెప్పకుండా గీత గీసి వదిలేస్తే చదువుకునేవారికి ఒరిగేది ఏమీ ఉండదని నా గట్టి అభిప్రాయం.

మీరు ఉన్న ఊరిలోనే దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. చక్రాలున్న సూట్‌కేసును తిరుపతి రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద పదేళ్ళ పిల్ల కూడా ఒంటిచేత్తో లాక్కుపోగలదు. అదే సూట్‌కేసును అలిపిరి దగ్గర మొదలయ్యే, సుమారు 3,550 మెట్లున్న కాలిదారి మీదికి తీసుకుపోబోతే నాలుగు మెట్లకే సంగతి తెలుస్తుంది. చక్రం పనికి రాదు, పిడి చేతికి అనువైన ఎత్తులో ఉండదు, అంచు మెట్టుమెట్టుకూ పిక్కకు తగులుతుంది, వెనక గోవిందనామాలు చెప్పుకుంటూ వచ్చేవారికి దారి మూసుకుపోతుంది. సూట్‌కేసు బరువు వీసమంత కూడా పెరగలేదు, అయినా అది ఇప్పుడు కంబర్‌సమ్ అయింది. నడిచి కొండెక్కేవారు సామాను అలిపిరిలో అప్పగిస్తే దాన్ని ఉచితంగా పైకి చేర్చే దేవస్థానం ఏర్పాటు తీర్చేది ఈ ఇబ్బందినే. ఒక వస్తువు ఒకచోట కంబర్‌సమ్ కాకపోయినా మరొకచోట కావచ్చునని దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు. ఆ మాట వస్తువుకూ, దానితో పనిబడ్డ మనిషికీ, ఆ పని జరిగే చోటుకూ మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది.

ఎదురు ఉదాహరణ కూడా చూడండి. 25 కిలోల బియ్యం మూటను అలవాటున్న హమాలీ భుజానికెత్తుకుంటే అది మెడకూ భుజానికీ మధ్య ఒదిగిపోతుంది. దాన్ని హెవీ అనాలి గాని కంబర్‌సమ్ అనడం సరికాదు. మీరు గది మారేటప్పుడు ఇరుకు మెట్ల మీదుగా రెండో అంతస్తుకు ఎక్కించే పరుపు అందులో సగం బరువు కూడా ఉండదు, కానీ వంగవలసిన చోట వంగదు, నిలవవలసిన చోట నిలవదు, మోసే మనిషికి ముందున్న మెట్టు కనిపించనీయదు. అది అచ్చంగా కంబర్‌సమ్.

వస్తువులకు చెప్పిన ఈ గుణాన్నే ఇంగ్లీషువారు పద్ధతులకూ, నియమాలకూ, పొడవాటి వాక్యాలకూ, నోరు తిరగని పేర్లకూ కూడా అన్వయిస్తారు. ఒక కాగితం కోసం మూడు కార్యాలయాలు తిరగవలసి వస్తే, ఒక సంతకం కోసం మరొక సంతకం తేవలసి వస్తే, ఆ పద్ధతి కంబర్‌సమ్. అక్కడ త్రాసులో తూచదగిన బరువు ఏదీ లేదు; పని ముందుకు సాగకుండా పడిన అడ్డంకులు ఉన్నాయి. మీ వాక్యంలో ‘బరువుగా’ అనే మాట పొసగకపోవడానికి కారణం ఇదే.

ఇక పుట్టుక సంగతి. ఈ విశేషణం ఇంగ్లీషులో 14వ శతాబ్దం చివరి నుంచి కనిపిస్తుంది. అందులో రెండు ముక్కలున్నాయి: ‘కంబర్’ అనే క్రియ, ‘సమ్’ అనే ప్రత్యయం. కంబర్ అనే క్రియ అంతకు ముందే, దాదాపు 1300 నాటికే వాడుకలో ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత పాలనలోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి చెలామణీ అయినందువల్ల, వేల కొద్దీ ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరిపోయాయి. కంబర్ కూడా ఆ దారిలో వచ్చినదే. దీని మూలం ‘అడ్డగించు’ అనే అర్థమున్న ‘ఆంకోంబ్రే’ అనే పాత ఫ్రెంచి క్రియ. ఆ క్రియకు ఆధారమైన ‘కోంబ్ర్’ అనే నామవాచకానికి నదికి అడ్డంగా వేసిన కట్ట అని అర్థం. మధ్యయుగాల లాటిన్‌లో ‘కంబ్రుస్’ అంటే నరికిన చెట్లను కుప్పగా పడవేసి దారికి పెట్టిన అడ్డు. అంటే ఈ మాట పుట్టిననాడు దాని అర్థంలో ఉన్నది తలమీది మూట కాదు, దారిలోనో ఏటిలోనో అడ్డం పడిన కుప్ప. స్వర్ణముఖికి వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన చెట్లూ కొమ్మలూ వంతెన కాళ్ళకు తట్టుకుని నీటిని నిలవేయడం చూసినవారికి ఈ మాట మూలార్థాన్ని వేరే వివరించనక్కరలేదు.

ఆ కుప్ప మరికొన్ని భాషల్లో కూడా తన గుర్తులు వదిలింది. కూలిన ఇంటి శిథిలాలను ఫ్రెంచివారు నేటికీ ‘దేకోంబ్ర్’ అంటారు. జర్మన్‌లో ‘కుమ్మర్’ అంటే దుఃఖం, దిగులు. మధ్యయుగాలలో ఆ మాటకు శిథిలాలు, చెత్తకుప్ప అనే అర్థం కూడా ఉండేది. దారిలో పడిన రాళ్ళకుప్పకు వాడిన మాటే మనసులో పడిన దిగులుకు కూడా పేరైందంటే, భాషలు పదార్థం నుంచి భావానికి ఎంత సహజంగా నడుస్తాయో చూడండి.

ఇంకా వెనక్కి వెళితే మనకు సంతోషం కలిగించే విషయం ఒకటి ఉంది, దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. ఈ లాటిన్ మాట అసలు లాటినుది కాదని, రోమనులు రాకముందు నేటి ఫ్రాన్సు ప్రాంతంలో వాడుకలో ఉన్న గాలిష్ అనే కెల్టిక్ భాషది అయి ఉంటుందని పండితులు భావిస్తారు. వారు పునర్నిర్మించిన రూపం ‘కొంబొరొస్’. అందులో ‘కొమ్’ అంటే కూడి, ఒకచోటికి. ‘బెర్’ అంటే మోయు, తెచ్చు. కలిపి చెబితే, ఒకచోటికి మోసుకొచ్చి చేర్చినది అని అర్థం. ఈ ‘బెర్’ అనేది ఇండో యూరోపియన్ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ధాతువు. లాటిన్‌లో ‘ఫెర్రె’, గ్రీకులో ‘ఫెరేయిన్’, ఇంగ్లీషులో మోయడం అనే అర్థంలో వాడే ‘బేర్’, బరువు అనే అర్థంలో వాడే ‘బర్డెన్’ దాని సంతానమే. సంస్కృతంలో అది ‘భృ’ ధాతువు. మీ ఊరిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో వ్యాకరణం చదివే ఏ విద్యార్థిని అడిగినా ‘భృఞ్ భరణే’, ‘డుభృఞ్ ధారణపోషణయోః’ అని ధాతుపాఠం అప్పజెబుతారు. భారము, భరించు, భృతి, భర్త, భార్య అనే మాటలన్నీ మనకు ఆ ధాతువు నుంచే వచ్చాయి.

అంతకన్నా దగ్గరి పోలిక మరొకటి ఉంది. సంస్కృతంలో ‘సమ్’ అనే ఉపసర్గను ఇదే ధాతువుకు చేరిస్తే ‘సంభారము’ అవుతుంది. ఒకచోటికి తెచ్చి చేర్చినవి అని దాని అర్థం. యజ్ఞ సంభారాలు, పూజా సంభారాలు అని మనం అంటాం. వంటింట్లో దినుసులను సంబారాలు అంటాం. గాలిష్ ‘కొమ్’, సంస్కృత ‘సమ్’ ఒకే మూలం నుంచి వచ్చిన ఉపసర్గలు కావు, వాటికి భావసామ్యం మాత్రమే ఉంది. కానీ ధాతువు మాత్రం ఒకటే, కూర్పు కూడా ఒకటే. పూజకు కావలసినవన్నీ తెచ్చి ఒకచోట పెట్టిన కుప్ప మనకు సంభారమైతే, నరికిన చెట్లన్నీ తెచ్చి దారిలో పడేసిన కుప్ప వారికి కొంబొరొస్ అయింది. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉమ్మడి మూలం ఉండి ఉండాలని ఇంగ్లీషు న్యాయమూర్తి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చేసిన ప్రసంగంలో చెప్పిన తరువాత పెరిగిన శాస్త్రం వల్లనే, ఇంతదూరపు చుట్టరికాలను మనం ఈనాడు ఇంత స్పష్టంగా గుర్తుపట్టగలుగుతున్నాం.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ బంధుత్వం ఇంగ్లీషుకు సంస్కృతంతో ఉన్నది. భారం, సంభారం అనే మాటలు తెలుగు సంస్కృతం నుంచి తీసుకున్నవి. తెలుగు ద్రావిడ భాష అనీ, దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే నిరూపించాడు. మీ స్నేహితురాలు చెప్పిన కంప విషయానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. ఆమెకు ఆ ఊహ రావడం ఎంతో సహజం. కంప తెచ్చి దారికి అడ్డంగా వేస్తారు, చేను చుట్టూ కంప నాటుతారు; శబ్దమూ దగ్గరగానే ఉంది, అర్థం మరీ దగ్గరగా ఉంది. అయినా కంప మన దేశ్యపదం, కోంబ్ర్ ఐరోపాలో దాని దారిన అది పుట్టి పెరిగిన మాట. ఒక మాట ఒక భాషలో నుంచి మరొక భాషలోకి వెళ్ళిందని చెప్పాలంటే ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ మధ్యరూపాల మీదుగా వెళ్ళిందో చూపించగలగాలి. 1300 నాటికే ఇంగ్లీషులో స్థిరపడిన మాటను రాయలసీమ పల్లె నుంచి అక్కడికి చేర్చే దారి ఏదీ లేదు. శబ్దసామ్యం ఒక్కటే ఆధారమైతే కుకుంబర్ అనే దోసకాయను కూడా ఈ కుటుంబంలో కలపవలసి వస్తుంది. అది ‘కుకుమిస్’ అనే వేరే లాటిన్ మాట నుంచి వచ్చినది. మీ స్నేహితురాలిని మాత్రం నిరుత్సాహపరచకండి. కంపకూ కోంబ్ర్‌కూ అర్థంలో పోలిక పట్టుకున్న చెవి మంచి చెవి, దానికి కావలసింది ఆధారాలు అడిగే అలవాటు మాత్రమే.

ఈ మాటకు మరొక బంధువు మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది. పొలం కొన్నా, బ్యాంకులో అప్పుకు వెళ్ళినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ‘ఈసీ’ తెమ్మంటారు. దాని పూర్తి పేరు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ ఆస్తి మీద, అడిగిన కాలంలో, రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు, దానాలు, భాగపరిష్కారాలు ఏమేమి ఉన్నాయో అందులో ఉంటాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉన్న ఎన్‌కంబరెన్స్ అనే ఆ మాట పాత ఫ్రెంచి ఆంకోంబ్రే సంతానమే. తాకట్టు పెట్టినందువల్ల మామిడితోట బరువు పెరగదు. స్వేచ్ఛగా అమ్ముకోవడానికీ, రాసివ్వడానికీ అడ్డు పడుతుంది. మూలార్థమైన అడ్డు ఏడు వందల ఏళ్ళ తరువాత కూడా ఈ చట్టపు మాటలో చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. తెలుగులో దీన్ని రుణభారం అన్నవారు ఇంగ్లీషు మాటలో దాగి ఉన్న ధాతువునే తమకు తెలియకుండా ఎంచుకున్నారు.

కంబర్ అనే క్రియ ఒంటరిగా ఇప్పుడు అంతగా వినిపించదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, లూకా సువార్తలో, మూడేళ్ళుగా కాయని అంజూరపు చెట్టును చూసి, ఇది నేలను ఎందుకు కంబర్ చేస్తున్నదని తోట యజమాని అడుగుతాడు. పనికిరాకుండా చోటు ఆక్రమించి అడ్డంగా ఉన్నదని ఆ మాటకు అర్థం. కాపు లేని చెట్టును కొట్టించాలా, ఇంకో ఏడు చూడాలా అని ఆలోచించే మీ చిత్తూరు మామిడి రైతులకు ఆ యజమాని ప్రశ్న వెంటనే అర్థమవుతుంది.

చివరి ప్రత్యయమైన ‘సమ్’ గురించి రెండు మాటలు చాలు. ఒక గుణం కలిగినది అని చెప్పడానికి పాత ఇంగ్లీషు నుంచి ఉన్న ప్రత్యయం అది. అలసట కలిగించేది టైర్‌సమ్, ఇబ్బంది పెట్టేది ట్రబుల్‌సమ్. ఇదే ప్రత్యయం ఉన్న హ్యాండ్‌సమ్ అనే మాటను ఈనాడు అందగాడికి వాడుతున్నారు గాని, 1400 ప్రాంతంలో అది చేతికి అనువైనది, సులువుగా పట్టుకోదగినది అని అర్థమిచ్చేది. అంటే ఒకప్పుడు హ్యాండ్‌సమ్, కంబర్‌సమ్ ఒకదానికొకటి దాదాపు వ్యతిరేక పదాలు. పరీక్షకు ఇది అవసరం లేకపోయినా, గుర్తుంచుకుంటే కంబర్‌సమ్ అర్థం మరచిపోరు.

మీ పరీక్షల్లో దీని పక్కనే కనిపించే మరొక మాట అన్‌వీల్డీ. రెండింటినీ ఒకటిగా వాడేవారున్నారు, చాలా సందర్భాల్లో చెల్లుతుంది కూడా. కానీ పుట్టుకలు వేరు కావడం వల్ల వాసన కొంచెం వేరు. ‘వీల్డ్’ అంటే పాత ఇంగ్లీషులో ఏలడం, పాలించడం, వశంలో ఉంచుకోవడం. కనుక అన్‌వీల్డీ అంటే ఏలుబడికి లొంగనిది. 14వ శతాబ్దంలో ఈ మాటను వస్తువులకన్నా, తన ఒళ్ళు తన స్వాధీనంలో లేని మనిషికి వాడారు. కాంటర్‌బరీకి తీర్థయాత్ర పోయేవారి కథలు రాసిన చాసర్, తాగి గుర్రం మీది నుంచి పడిపోయిన వంటవాణ్ణి తోటి యాత్రికులు లేపలేక అవస్థపడిన చోట ఈ మాటే వాడాడు. పెద్దగా ఉండి చేతికి లొంగని వస్తువు అనే అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది. తెలుగులో దీనికి ‘అలవికాని’ అనే చక్కని మాట ఉండగా కొత్తది వెతకనక్కరలేదు. అలవికానిది మన శక్తికి లొంగదు, కంబర్‌సమ్ అయినది మన పనికి అడ్డం పడుతుంది. ఈ తేడా మనసులో ఉంచుకుంటే రెండు మాటల్లో దేన్ని ఎక్కడ వాడాలో ఎక్కువసార్లు తేలిపోతుంది.

ఇక తెలుగులో రాయడం. కంబర్‌సమ్‌కు అన్ని చోట్లా సరిపోయే ఒకే తెలుగు మాట కోసం వెతకవద్దని నా సలహా. వస్తువు విషయంలో ‘పట్టు దొరకని’, ‘ఎత్తనూ దించనూ వీలుకాని’ అనవచ్చు. మనిషి పురోగతిని ఆపే బాధ్యతో అప్పో అయితే గుదిబండ అనే మాట ఉంది. పశువు పరుగెత్తకుండా మెడకు కట్టే దుంగ పేరు అది, బరువూ అడ్డూ రెండూ అందులో ఉన్నాయి. కాని అది నామవాచకం, పైగా ఘాటైన మాట, కనుక ప్రభుత్వ నివేదికల అనువాదంలో వాడితే అతిగా ఉంటుంది. పద్ధతుల విషయంలో ‘ప్రయాసతో కూడిన’, ‘చిక్కులతో నిండిన’ అనేవి నప్పుతాయి. వాక్యాల విషయంలో ‘నడక కుంటుపడిన’ అనవచ్చు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం, మనసుకు భారంగా తోచే బాధ్యతను బర్డెన్‌సమ్ అనండి. కంబర్‌సమ్‌ను వస్తువులకూ, ఏర్పాట్లకూ, పద్ధతులకూ, భాషకూ పరిమితం చేసుకుంటే మీరు తప్పు చేయరు. మనుషులకు దాన్ని నేరుగా వాడకపోవడమే మర్యాద.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాసేవాణ్ణి: ‘ధ్రువపత్రం తీసుకునే పాత పద్ధతి అడుగడుగునా అడ్డంకులతో చాలా ప్రయాసగా ఉండేది.’ మౌఖిక పరీక్షలో ఈ మాట పలకవలసి వస్తే మొదటి అక్షరం మీద ఊనిక ఉంచి, చివరి భాగాన్ని ‘సోమ్’ అనకుండా ‘సమ్’ అని పొట్టిగా పలకండి.